ఖండన సార్వభౌముడి సిఫారసు

ఓ గడువు దేవతా! వాయిదాప్రియజనహృదయవిదారిణీ! చివరి తేదీ దాకా కునికిపాట్లు పడి, చివరి గంటలో కొంప అంటుకున్నట్టు పరుగులెత్తే సకల విద్యావంతుల ఇలవేల్పా! వచ్చి నా నాలుక మీద కాసేపు కూర్చో. మరీ గట్టిగా కూర్చోకు, మాట్లాడాలి. రాజులు రాజ్యాల కోసం తలలు నరుక్కున్న కథలు విని విని జనానికి విసుగెత్తింది. అంతకన్నా భీకరమైన పోరు ఒకటి నేను చెప్తాను. పరదేశంలో న్యాయశాస్త్రపు పైచదువు చదవదలచిన ఒక జూనియర్ లాయరమ్మ, తన సీనియర్ నోటి నుంచి ఒక్కటంటే ఒక్క మంచి మాట రాబట్టడానికి చేసిన ఘోరాతిఘోర సంగ్రామం ఇది. వినేవాళ్ళు వినండి, పనున్నవాళ్ళు వెళ్ళండి.

చండమార్తాండుడు నడినెత్తి దిగి పడమటి మేడల వైపు ఒరుగుతుండగా, కోర్టు ఎదుటి వీధిలో జిరాక్సు యంత్రాలు ఘీంకరిస్తుండగా, నోటరీల రబ్బరు స్టాంపులు భేరీనాదంతో బల్లలను బాదుతుండగా, వాయిదాలనే విజయాలను మూటగట్టుకున్న నల్లకోట్ల మహాసేన స్వేదజలధారల్లో తడిసి తిరుగుముఖం పట్టిన ఆ పుణ్యవేళ, ఇరుకు మేడమెట్ల మీద ఒక చేత ఫైళ్ళ కట్ట, ఒక చేత ఫోను ధరించి, రొప్పుతూ పైకెక్కుతున్నది మన నాయిక. ఫైలుభారవహనధురంధర! కౌంటరురచనావిశారద! పరనామధేయకీర్తిసంపాదనశీల! అంటే తను రాసిన వాదనలతో ఇంకొకరికి పేరు తెచ్చిపెట్టేదన్న మాట. బిరుదులకేం, బండెడున్నాయి. బిరుదులు కూడు పెట్టవు.

ఈ యుద్ధానికి మూలం వాళ్ళింటి భోజనాల బల్ల దగ్గర ఉంది.

దివాలా చట్టం చదవాలని ఆమె కోరిక. ఆఫీసుకొచ్చే చిన్న చిన్న కొట్లవాళ్ళు, ఒక్క చెడ్డ సంవత్సరానికి కొట్టూ గూడూ పోగొట్టుకుని, తామేదో దొంగతనం చేసినట్టు తలదించుకుని కూర్చోవడం చూసి చూసి పుట్టిన కోరిక అది. వాళ్ళని మళ్ళీ నిలబెట్టే చట్టాలు ఉండాలని, వాటిని రాయడం నేర్చుకోవాలని ఆమె పట్టుదల. పట్టుదల మంచిదే. దాన్ని ఇంట్లో పైకి చెప్పడమే ఆమె చేసిన మొదటి వ్యూహదోషం.

వెంటనే మహామంత్రాలోచనాసభ కొలువుదీరింది. బల్ల మీద మూడు విశ్వవిద్యాలయాల బొమ్మల పుస్తకాలు. ఒక పక్క ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే అమ్మ. ఇంకో పక్క బీమా ఏజెంటైన మావయ్య. బావగారు పోయిన నాటి నుంచి ఆ ఇంటి మంత్రిపదవి తనదేనని ఆయన నమ్మకం. ఎవరూ నియమించలేదు కాబట్టి ఎవరూ తీసెయ్యనూ లేరు.

"చదివితే పేరున్న దాంట్లోనే చదవాలే," అని గర్జించాడు మావయ్య. "నలుగురికీ చెప్పుకునేలా ఉండాలి. నువ్వు చూపించే ఈ మూడోది ఉందే, దీని పేరు చెప్తే 'అదెక్కడ?' అంటారు. అప్పుడు నేనేం చెప్పాలి?"

"చదివేది నేను కదా మావయ్యా!"

"చెప్పుకునేది నేను కదే!"

ఆ వాదానికి ప్రపంచంలో ఏ న్యాయస్థానంలోనూ సమాధానం లేదు. అందుకని అమ్మ ఇంకో దిక్కు నుంచి దాడి చేసింది. "రోజూ సూది మొన మీద రక్తం చూసి రోగం చెప్తాను నేను. ఈ కాలేజీల బొమ్మల పుస్తకాలు చూస్తే మాత్రం ఏమీ చెప్పలేకపోతున్నా. అన్నింట్లోనూ పచ్చగడ్డి మీద కూర్చుని పళ్ళికిలించే పిల్లలే. వీళ్ళు చదివేదెప్పుడు? అయినా ఆ చలికి దీని జలుబు తగ్గుతుందా? రెండు స్వెట్టర్లు చాలవు."

ఆలు లేదు చూలు లేదు, అప్పుడే స్వెట్టర్ల లెక్క. నాయిక పళ్ళు నూరుకుని వివరించింది. మొదటి విశ్వవిద్యాలయానికి పేరుంది, దివాలా చట్టం చెప్పే మనిషి లేరు. రెండోదానికి మంచి ఎండ ఉంది, ఆ ఎండకు కూడా వాళ్ళు ఫీజులో కలిపి పుచ్చుకుంటున్నట్టున్నారు. మూడోదానికి పేరు లేదు, ఎండ లేదు. చిన్న వర్తకుల దివాలాల మీదే జన్మంతా పని చేసిన ఒక ప్రొఫెసరమ్మ ఉంది, చదువుకూ బసకూ వాళ్ళే పెట్టుకునే ఫెలోషిప్పు ఒకటుంది.

"దివాలా చట్టం చదవడానికి మనం దివాలా తీయక్కర్లేదన్న మాట," అన్నాడు మావయ్య, కాస్త నిరాశగానే.

దివాలా తీద్దామన్నా ఎవరూ తీయనివ్వలేదు. ఫెలోషిప్పు రాకపోతే ఎలాగని ముందే బ్యాంకుకు వెళ్ళి వచ్చింది ఆమె. అప్పు అక్కర్లేదని రుజువు చేసుకున్నవాడికే అప్పిచ్చే ఆ మహానుభావుల కోటలో, గాజు పలక వెనక నుంచి అధికారి అడిగాడు.

"హామీకి ఇల్లుందా?"

"ఉందండీ."

"మీదేనా?"

"అది తేల్చమనే కోర్టులో వాటాల దావా నడుస్తోంది."

"తేలాక రండి."

ఆ దావా పెదనాన్న వేసింది. వీళ్ళ తరఫున దాన్ని నడుపుతున్నది ఎవరయ్యా అంటే, ఆమె సీనియర్ గారే. ఆయన పెదనాన్న చెప్పిన ప్రతి మాటనీ ఖండించి, ప్రతి వాయిదాకీ ఇంకో వాయిదా సంపాదించి, ఇల్లు ఎవరిదో తేలకుండా దిగ్విజయంగా కాపాడుకుంటూ వస్తున్నారు. కాబట్టి అప్పు దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది మూడో విశ్వవిద్యాలయం, దాని ఫెలోషిప్పు. దానికి పాఠాలు చెప్పిన గురువు సిఫారసు ఒకటి, పని నేర్పిన యజమాని సిఫారసు ఒకటి కావాలి. గురువుగారిది వచ్చేసింది. యజమానిది రాలేదు. గడువు ఈ రోజు సాయంత్రం ఐదు గంటలు. అది దాటితే ఫెలోషిప్పు లేదు, ఫెలోషిప్పు లేకపోతే చదువు లేదు. జీవితమంతా ఆ ఇరుకు మెట్లు ఎక్కుతూ దిగుతూ, ఇంకొకరి పేరు కింద కౌంటర్లనే ఎదురు జవాబులు రాస్తూ ఉండాల్సిందే. ఆమెకు భయంగా ఉంది. ఉండదా మరి!

ఇక ఆ సీనియర్ మహాశయుణ్ణి వర్ణించాలి. గడువు దేవతా, కాస్త సర్దుకుని కూర్చో.

నిరాకరణనిస్తంద్రుడు! అంగీకారవిముఖుడు! ప్రతివాదిజనశరణ్యుడు! వృత్తిలోకి వచ్చిన నాటి నుంచీ ప్రతివాదుల తరఫునే నిలబడి, ఎదుటివాడు పెట్టిన ప్రతి పేరానూ "ఒప్పుకోవడం లేదు, రుజువు చేసుకోవాలి" అన్న ఒకే ఒక్క ఖడ్గంతో నరికి, ఆ ఖడ్గాన్ని ఇంటికి కూడా తీసుకుపోయి తలగడ కింద పెట్టుకుని పడుకునే ఖండన సార్వభౌముడు ఆయన. బయట వాన పడుతోందని గుమాస్తా చెప్తే "పడుతోందని నువ్వంటున్నావు" అనేవారు. నమస్కారం పెడితే "చూద్దాం" అనేవారు. అన్నం తిన్నారా అని భార్య అడిగితే, తిన్నట్టు ఒప్పుకుంటే రెండోసారి పెట్టరేమోనని మౌనం వహించేవారు. దుర్మార్గుడా అంటే కాదు, తిట్టడు, కొట్టడు. అలవాటు ముదిరి మనిషైపోయింది, అంతే.

సిఫారసు అడిగిన నాటి నుంచీ ఆయన ఆమెకు ఇచ్చినవి వాయిదాలు. "వచ్చే సోమవారం చూద్దాం." "ఆ పెద్ద కేసు అయిపోనీ." "ఇవాళ మనసు బాలేదు." ఆఖరికి ఈ మధ్యాహ్నం, ఆమె కోర్టులో ఉండగా, కరుణించి గుమాస్తాను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, విశ్వవిద్యాలయం వారు పంపిన ప్రశ్నలకు జవాబులు చెప్పి రాయించారు.

నాయిక గదిలో అడుగుపెట్టేసరికి సార్ తన కుర్చీలో ఉన్నారు, గుమాస్తా మొహం పున్నమి చంద్రుడిలా వెలుగుతోంది. "అయిపోయిందమ్మా! సార్ అన్ని ప్రశ్నలకీ జవాబు చెప్పేశారు. ఒక్కటీ వదల్లేదు. ఇక పంపే బటన్ నొక్కడమే."

"ఒక్కసారి చదువు బాబాయ్."

గుమాస్తా బాబాయి గొంతు సవరించుకున్నాడు. కోర్టులో చదివినట్టు చదివాడు.

"దరఖాస్తుదారు మీకు ఎంతకాలంగా తెలుసు? జవాబు: సదరు దరఖాస్తుదారు నాకు తెలుసునన్న ఆరోపణ నిరాధారము. ఇందుమూలముగా ఖండించడమైనది. ఆమె తెలివితేటల గురించి మీ అభిప్రాయం? జవాబు: సదరు తెలివితేటలు ఉన్నట్టు నా ఎరుకలో లేదు. ఉన్న పక్షంలో రుజువు చేసుకునే భారం పూర్తిగా దరఖాస్తుదారు పైననే ఉన్నది. ఆమె నిజాయితీ? జవాబు: ప్రశ్న అప్రస్తుతము. అయినను ఖండించడమైనది. ఇంకేమైనా చెప్పదలచుకున్నారా? జవాబు: కావున గౌరవనీయులైన విశ్వవిద్యాలయం వారు సదరు దరఖాస్తును ఖర్చులతో సహా కొట్టివేయవలసినదిగా ప్రార్థన."

బాబాయి చదవడం ఆపి, మెచ్చుకోలు కోసం ఇద్దరి మొహాలూ చూశాడు. అతని చూపుడు వేలు బటన్ మీద ఉంది.

"బాబాయ్! వేలు తియ్యి!"

ఆ సింహనాదానికి కింద వీధిలో ఒక జిరాక్సు యంత్రం ఆగిపోయిందని చూసినవాళ్ళు చెప్తారు. కరెంటు పోయిందని చూడనివాళ్ళు చెప్తారు. ఏదైతేనేం, వేలు లేచింది.

"సార్! ఇది సిఫారసు సార్! కౌంటర్ కాదు! మీరు నన్ను మెచ్చుకోవాలి!"

అప్పుడా సార్వభౌముడు కళ్ళజోడు తీసి, కోటు గుండీ పెట్టుకుని, ఎదుట ఫుల్ బెంచి కూర్చున్నట్టు లేచి నిలబడి ఈ విధంగా ఉపన్యసించాడు. "అమ్మాయ్! ఈ చేత్తో సంతకం చేసిన కాగితాల్లో ఒక్కదాంట్లో ఒప్పుకోలు అన్న మాట ఎవరినైనా చూపించమను! చూపిస్తే ఈ కోటు విప్పేస్తాను! సంతకం పెట్టిన కాగితం కత్తిలాంటిది. ఇవాళ మనం పడేస్తాం, రేపు ఎవడో ఏరుకుని మనల్నే పొడుస్తాడు. నువ్వు తెలివైనదానివని రాసిచ్చాననుకో. రేపొకడు నిలదీస్తాడు, 'అయ్యా, అంత తెలివైన పిల్లని ఇన్నాళ్ళూ ఫైళ్ళు మోయడానికి ఎందుకు పెట్టుకున్నారు?' అని. అప్పుడు నా డిఫెన్సేమిటి?"

నిజమే. డిఫెన్సు లేదు. ఆ సంగతి ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ఆమె మొదట వినయాస్త్రం వేసింది. "గడువు దాటితే నా చదువు పోతుంది సార్, దయచేసి." అది ఆయన నల్లకోటుకు తగిలి కిందపడింది. రెండోది, తను ముందే రాసిపెట్టుకున్న సిఫారసు చిత్తుప్రతి తీసి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని వేలితో వెనక్కి నెట్టారు. "నీ గురించి నువ్వు రాసుకున్నది సాక్ష్యంగా చెల్లదు. ఈ ముక్క నీకు నేర్పిందే నేను." మూడోది కన్నీరు. అది కళ్ళ దాకా వచ్చింది కానీ ఆమె వేయలేదు. ఆ గదిలో కక్షిదారులు అంతకన్నా నాణ్యమైన కన్నీరు కార్చడం, దానికి ఆయన "ఇవి కన్నీళ్ళేనని రుజువేమిటి?" అన్నట్టు చూడడం ఎన్నిసార్లు కళ్ళారా చూసిందో!

గోడ గడియారం నాలుగున్నర దాటింది.

అప్పుడామెకు బుద్ధి వెలిగింది. ఈయన కాగితం మీద ఏదీ ఒప్పుకోడు. కానీ బోనెక్కిన సాక్షి నీళ్ళు నమిలితే మాత్రం ఈయనకు పూనకం వస్తుంది. "సూటిగా చెప్పు, అవునా, కాదా?" అంటూ ఎంతమంది చేత చెమటలు కక్కించాడో! ముల్లును ముల్లుతోనే తీయాలి.

"సార్, మిమ్మల్ని సాక్షిగా విచారించడానికి అనుమతిస్తారా?"

ఆయన కనుబొమలు పైకి లేచాయి. ఆయన ఎందరినో విచారించారు గానీ, ఆయన్ను విచారించే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ రాలేదు. లోలోపల గర్వం గుబాళించింది. "చూద్దాం, ఏపాటి నేర్చుకున్నావో." వెళ్ళి కక్షిదారులు కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. దాని కాలొకటి పొట్టిదని అప్పుడే మొదటిసారి తెలిసింది ఆయనకి. గుమాస్తా బాబాయిని న్యాయమూర్తి స్థానంలో కూర్చోమన్నారు. బాబాయి చొక్కా సర్దుకుని, ఒక్కసారిగా అడుగు ఎత్తు పెరిగాడు.

"నేను మీ ఆఫీసులో పని చేస్తున్నానా?"

"వస్తూ పోతూ ఉంటావు."

"అవునా, కాదా?"

"సాక్షి సూటిగా చెప్పాలి," అన్నాడు బాబాయి, ఇన్నేళ్ళ కసీ గొంతులోకి తెచ్చుకుని.

"...అవును."

"బట్టల కొట్టాయన దివాలా కేసులో మన కౌంటర్‌లోంచి ఒక పేరా జడ్జిగారు పైకి చదివి 'బాగుంది' అన్నారా?"

"అన్నారు." ఆ ఒక్కటీ ఆయన సంతోషంగానే చెప్పారు.

"ఆ పేరా రాసిన రోజు మీరు ఆఫీసులో ఉన్నారా?"

"జ్వరం. ఇంట్లో పడుకున్నాను."

"మరి ఆఫీసులో ఎవరున్నారు?"

"గుమాస్తా ఉన్నాడు."

"గుమాస్తా రాశారా?"

"నేనా!" అని అదిరిపడ్డాడు బాబాయి. "నాకంత రాత వస్తే ఇక్కడెందుకుంటాను?"

"న్యాయమూర్తి సాక్ష్యం చెప్పకూడదు!" అని అరిచారు సార్. తన మీదే విచారణ జరుగుతున్నా, పద్ధతి తప్పితే ఆయన ఊరుకోలేరు.

"ఇంకెవరున్నారు సార్?"

గడప దాటడానికి మొండికేసిన పెళ్ళాం పుట్టింటి చుట్టంలా ఆ మాట ఆయన గొంతులో నిలబడిపోయింది.

"నువ్వున్నావు."

"అయితే ఆ పేరా రాసింది?"

"...నువ్వే."

ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. ఆ రోజు తీర్పు అయ్యాక, కోర్టు వరండాలో ఆ బట్టల కొట్టాయన ఈయన చేతులు పట్టుకుని ఏడ్చాడు. "ఆ మాటలు మీరే రాశారా బాబూ? నా కడుపులోది తీసి పెట్టినట్టు రాశారు" అన్నాడు. ఫైళ్ళు మోసుకుంటూ వెనక నిలబడ్డ జూనియర్ చెవులారా విన్నది. పడుతున్న వాననీ తిన్న అన్నాన్నీ ఒప్పుకోని ఆ మహామహుడు, ఆ ఒక్కనాడు, క్షణం ఆలోచించకుండా, నవ్వుతూ ఒప్పుకున్నాడు: "అవును." అంతవరకూ ఆయన జన్మలో ఎదుటివాడి మాటకు ఇచ్చిన ఒకే ఒక్క ఒప్పుకోలు, అదీ అబద్ధం! ఆ మంట ఆమె గుండెలో ఇంకా ఆరలేదు. ప్రశ్న నాలుక చివరికి వచ్చింది. అడిగితే ఆయన బాబాయి ముందు కుప్పకూలుతాడు. ఆమెకు అడగాలని ఎంతగానో ఉంది.

కానీ ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగిన లాయరు గెలిచిన కేసు పోగొట్టుకుంటాడు. ఆమె దాన్ని మింగేసింది. మందుబిళ్ళ కన్నా చేదుగా దిగింది.

"ఇక ప్రశ్నలు లేవు సార్."

ఆయన లేవలేదు. కూర్చున్న చోటి నుంచే అన్నారు. "కొట్టాయన సంగతి అడుగుతావనుకున్నాను."

"నాకు కావలసింది సిఫారసు సార్. మీ పరువు నేనేం చేసుకుంటాను?"

ఆ మాట పడ్డ చోట ఖడ్గాలూ కవచాలూ పనికి రాలేదు. ఆయన మొహం కొట్టు మూసేసిన వర్తకుడి మొహంలా అయింది. ఆ పొట్టి కాలు కుర్చీలోంచే, కోర్టు గొంతు కాకుండా మామూలు గొంతుతో అన్నారు. "గుమాస్తా, పాతదంతా కొట్టెయ్. రాసుకో. ఈ అమ్మాయి నా దగ్గర పని చేసింది. నా పేరు మీద వెళ్ళిన కౌంటర్లలో మంచివన్నీ తనే రాసింది. తను వెళ్ళిపోతే నాకు ఇబ్బంది. అయినా పంపించమని అడుగుతున్నాను." కోటు గుండీ విప్పారు. "పైవన్నీ నిజమని ఒప్పుకుంటున్నాను."

బాబాయి ఆఖరి మాట టైపు చేయడానికి చాలాసేపు తడుముకున్నాడు. ఆ ఆఫీసులో ఆ మాట ఎన్నడూ టైపు చేసి ఎరగడు పాపం. ఐదు కొట్టడానికి కాస్త ముందు వేలు బటన్ మీద పడింది.

ఇదండీ పోరు. ఎక్కడో ఏ దేశంలోనో, ఎవరో ఒక అబ్బాయికి వాళ్ళ సీనియర్ టీ చల్లారేలోపు నాలుగు మంచి మాటలు రాసి పడేసి ఉంటాడు. ఆ అబ్బాయికి దాని విలువ తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. మన వీరనారికి మాత్రం ఆ నాలుగు మాటలకీ కత్తులు దూయాల్సి వచ్చింది. అంతటితో ఫెలోషిప్పు వచ్చిందా? లేదు. సీటు వచ్చిందా? లేదు. టికెట్టు, స్వెట్టరు, ఏవీ లేవు. అసలు దరఖాస్తు అక్కడ ఎవరైనా చదివారా? ఆ విశ్వవిద్యాలయం తలుపు తట్టినవాళ్ళెందరో, తెరిచేది ఎవరికో, ఎవరికి తెలుసు!

ఆమె మెట్ల మలుపులో కూలబడి, ఫైళ్ళ కట్ట ఒళ్ళో పెట్టుకుని, ఇంతకీ ఏం గెలిచానా అని ఫోను తెరిచి చూసింది. అప్పుడు గానీ ఏడుపు రాలేదు, వచ్చాక ఆగలేదు. ఆ ఏడుపులో సంతోషం ఒక పాలైతే కోపం మూడు పాళ్ళు.

నాలుగు దిక్కులా చాటించండి! నోటరీలారా, స్టాంపులు మోగించండి! జిరాక్సు వీరులారా, ఈ వార్తను ఎన్ని ప్రతులు తీస్తారో తీయండి! సకలశాస్త్రపారంగతుల మధ్య, సమస్త వాయిదాలనూ భేదించి, ఖండన సార్వభౌముణ్ణి ఓడించి ఆమె గెలుచుకున్న మహాసామ్రాజ్యం ఇదిగో, విశ్వవిద్యాలయం వారి మాటల్లోనే:

"మీ దరఖాస్తు ఇక అసంపూర్ణం కాదు."